అక్క గుండెదడ, కురిడీ పొగ

మొన్న అమలాపురం ఆసుపత్రిలో మా అక్క వేలికి బట్టల క్లిప్పులాంటి చిన్న యంత్రం తగిలించి, అందులో వెలిగిన అంకె చూసి నర్సమ్మ పెదవి విరిచింది. రక్తంలో ప్రాణవాయువు చాలక గుండె లయ తప్పుతోందట. ఏళ్ల తరబడి పొగ పీల్చారా అని డాక్టరుగారు అడిగారు.

మన ఈడువాళ్లకి తెలియనిది కాదు, వానాకాలం వస్తే అంబాజీపేట వైపు కొబ్బరికాయలు పోసిన అటకల కింద పీచు డొక్కలు రాజేసి పొగ పెట్టేవారు. పైన కాయ లోపల్లోపలే ఎండి కురిడీ కావాలంటే, కింద ఎవరో ఒకరు కూర్చుని మంట లేవకుండా, పొగ ఆరకుండా చూసుకోవాలి. మా ఇంట్లో ఆ పని అక్కది. అమ్మ పోయాక నన్ను పెంచిందీ, చదివించిందీ ఆవిడే.

ఆ చదువుతోనే కాలేజీలో జువాలజీ లెక్చరర్నయ్యాను. కప్ప గుండె మీద అడ్రినలిన్ చుక్క వేస్తే పరుగందుకునేది, ఎసిటైల్‌కోలిన్ చుక్క వేస్తే నెమ్మదించేది. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టి చూస్తుంటే నాకు మహా గర్వంగా ఉండేది. ప్రాణవాయువు తగ్గినా మన గుండె ముందు కంగారుగా కొట్టుకుంటుందని, ఆనక లయ తప్పుతుందని కూడా ఆ పాఠంలోనే చెప్పేవాణ్ణి.

ఓ సాయంత్రం అక్క అటక కిందనుంచి వచ్చి గుమ్మంలో కూలబడి, గుండె దడదడలాడుతోందంది. చీరంతా పొగ వాసన. అయినా ఉరుముకే ఉలిక్కిపడే మనిషి కదా అనుకుని, పేపర్లు దిద్దుకుంటూ తలెత్తకుండా, భయం వేస్తే ఒంట్లో ఓ రసం ఊరుతుంది, దడ దానివల్లేనని పాఠం చెప్పేశాను. "ఆయ్, అంతే అయ్యుంటుందిలే తమ్ముడూ" అని, మంచినీళ్లు తాగి, మళ్లీ పొగలోకి వెళ్లిపోయింది. ఆ తరవాత దడ వచ్చినప్పుడల్లా ఆ మాటే తలుచుకుని సర్దుకుపోయింది. నేనూ మళ్లీ అడగలేదు, నా బుద్ధి గడ్డి తిని.

డాక్టరుగారి ప్రశ్నకి నాకంటే ముందు అక్కే జవాబు చెప్పింది, ముక్కు దగ్గర గొట్టం సర్దుకుంటూ.

"పొగవల్ల కాదండీ, నాకు మొదట్నుంచీ భయం ఎక్కువండీ. మా తమ్ముడు ఎప్పుడో చెప్పేడు."

ఇప్పుడు మా అటక కింద పొగ లేదు. వేలికి తగిలించుకునే ఆ యంత్రం మందుల షాపులోనే దొరుకుతోంది, ఎవరి చదువునీ నమ్ముకోనక్కర్లేదు. అన్నీ మారాయి గానీ నా మాట మీద అక్క నమ్మకం మాత్రం మారలేదు. అదే నాకు భరించలేకుండా ఉంది.