బోద్రీకి ముందే దిగిపోయేదాన్ని

నోటి దురుసు వల్ల ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. నాకు మాత్రం ఉద్యోగం వచ్చింది.

మేముండే ఈ హిందీ ఊళ్ళో, నెహ్రూ నగర్‌లోని ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన, కూతురికి మార్కులు ఎందుకు తగ్గాయని అందరి ముందూ గొంతు పెంచాడు. నేనూ పెంచాను. మీ అమ్మాయి పుస్తకం తెరవగా మీరు ఆఖరిసారి చూసిందెప్పుడో చెప్పండి, ఆ తర్వాత మార్కుల సంగతి మాట్లాడుకుందాం అన్నాను. ఫీజు కట్టేవాళ్ళతో అలాగేనా మాట్లాడేదని ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచి చీవాట్లు పెట్టింది. బయటికొచ్చేసరికి ఆ పెద్దమనిషి గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. రెండో విడత గొడవ కాబోలనుకుని నేనూ సిద్ధమయ్యాను.

"మేడమ్, బోద్రీ రోడ్డులో నాకు వ్యవసాయ యంత్రాల షోరూమ్ ఉంది," అన్నాడు హిందీలో. "ఇంతవరకూ నా నోరు మూయించింది మా ఆవిడ ఒక్కతే. మీరొచ్చి మా దగ్గర రోటావేటర్లు అమ్మండి."

నవ్వి వచ్చేశాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. వచ్చే ఏడాది నన్ను చిన్న తరగతులకు దింపి, పెద్ద తరగతులు కుర్ర టీచర్లకు ఇస్తారని అప్పటికే బడిలో గుసగుసలు. వేసవి సెలవుల్లో వెళ్ళి చూద్దాం, నచ్చకపోతే బడి ఎటూ పోదు, అనుకున్నాను.

ఇక్కడ స్థిరపడ్డ మా తెలుగు రైల్వే కుటుంబాల్లో ఉద్యోగమంటే డ్యూటీ. బ్యాంకూ బడీ అయినా సరిపెట్టుకుంటారు. దుకాణంలో నిలబడి సరుకు అమ్మడం మాత్రం ఏ పరీక్షా గట్టెక్కనివాళ్ళ పని. మా ఆయన గూడ్సు బండి గార్డు. ఇప్పుడు ఆ పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ, డ్యూటీ అదే, టిఫిన్ క్యారేజీ అదే. ఆయనకు మాట తక్కువ. నేను చెప్పిందంతా విని, "ఎళ్తే ఎళ్ళు. క్వార్టర్లలో ఎవరికీ చెప్పకు. షాపులో నిలబడతాదని చెప్పుకోమంటావేటి?" అన్నారు.

కూరలమ్మే మనిషితోనూ, పూజ చేయించే పంతులుగారితోనూ వాదన పెట్టుకునేదాన్ని నేను. ఆ రోజు నోరు విప్పలేదు. ఆయన పైకి అన్నది నా లోపల అప్పటికే ఉంది.

మొదటిరోజు పొద్దున్న గేటు తీస్తుంటే పక్కింటి పిన్ని ఎదురైంది. వరసకు పిన్ని కాదు, అందరికీ పిన్నే. భర్త పోయాక, రైల్వే షెడ్డులో పని చేసే కొడుకు క్వార్టర్లోనే ఉంటోంది. ఊళ్ళోనే కుదుదండ్ పేటలో భర్త కట్టించిన ఇల్లు మరిది కొడుకుల చేతుల్లో చిక్కుకుపోయింది. ఆ కేసు కింది కోర్టులన్నీ దాటి బోద్రీలోని పెద్ద కోర్టుకు చేరింది. వదిలెయ్యమ్మా అని కొడుకు విసుక్కుంటున్నా ఆవిడ వదల్లేదు.

"ఏటమ్మా, సెలవుల్లో కూడా సింగారించుకుని బయల్దేరినావు?"

నేను తడుముకునేలోపు వరండాలోంచి మా ఆయన అందుకున్నారు. "బోద్రీ కోర్టులో పని దొరికింది పిన్నీ. తెలుగు కాయితాలు హిందీలోకి మార్చి రాస్తాది."

మాట తక్కువ మనిషికి అబద్ధం అంత నున్నగా రావడం చూసి తెల్లబోయాను. కాదని నేనూ అనలేదు. నప్పే అబద్ధం మరి. మా దగ్గర బోద్రీ షేర్ ఆటో ఎక్కేవాళ్ళలో సగంమంది కోర్టు గుమాస్తాలే. రోజూ వాళ్ళ మధ్యే ఇరుక్కుని వెళ్ళి, కోర్టుకు కాస్త ముందు షోరూమ్ దగ్గర దిగిపోయేదాన్ని.

పని నాకు నచ్చింది. ఇది రాయడానికి కూడా ఇంకా కాస్త బిడియంగానే ఉంది. వచ్చిన రైతులు మొదట నన్ను దాటి వెనక్కి చూసేవాళ్ళు. "భైయా లేడా?" అని ఒక ముసలాయన అడిగాడు.

"దున్నేది భైయానా, యంత్రమా? యంత్రం ఇదిగో," అన్నాను, ట్రాక్టరు వెనక తగిలించే రోటావేటర్ పళ్ళచక్రం చూపిస్తూ.

"ఈ దీదీ నోటికి కూడా పళ్ళచక్రం బిగించారర్రా," అని పక్కవాళ్ళతో అని పకపకా నవ్వాడు. నవ్వడం అయ్యాక రోటావేటర్ పక్కన గొంతుకు కూర్చుని, మా రాళ్ళ నేలకు ఈ బ్లేడ్లు ఆగుతాయా అని అడిగాడు. చెప్పాను. మళ్ళీ అడిగాడు. ఇంకోలా చెప్పాను. బడిలో నేను చెబుతుంటే పిల్లలు గడియారం చూసేవారు. తెలుసుకోవాలని నన్నెవరైనా రెండోసారి అడిగి చాలా కాలమైంది.

అయినా సిగ్గు వదల్లేదు. ఒకరోజు మా తెలుగు సమాజం కార్యదర్శి ఎదురుగా ఉన్న పాన్ కొట్టు దగ్గర స్కూటర్ ఆపాడు. నేను ఒక రైతుతో మాట్లాడుతూ మాట్లాడుతూనే వరి నూర్చే యంత్రం వెనక్కి జరిగిపోయాను. అక్కడేదో చూపిస్తున్నానని ఆ రైతు కూడా నా వెంటే వచ్చాడు. చేసేది లేక బెల్టు చూపించాను. ఆయన దాన్ని శ్రద్ధగా చూశాడు. స్కూటర్ వెళ్ళిపోయేదాకా ఇద్దరం ఆ బెల్టునే చూస్తూ నిలబడ్డాం.

పిన్ని సాయంత్రాలు గేటు దగ్గర నాకోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది.

"నువ్వక్కడే కదమ్మా. వకీలు ఫోనెత్తడు. మా కేసు తారీకు పడిందేమో లోపల కనుక్కో."

కోర్టు తారీకులు ఇప్పుడు ఫోనులోనే కనబడతాయి. ఆవిడ కాగితం మీది నంబరు కొట్టి, షోరూములో ట్రాక్టరు పక్కన నిలబడే చూశాను. తారీకు పడింది. వెళ్ళి చెప్పాను.

"లోపల అడిగినావా?"

"ఆ."

ఆ 'ఆ' నాదే. మొదటి అబద్ధం మా ఆయనదని చెప్పి తప్పుకోవచ్చు, దీన్ని ఆయన నెత్తిన రుద్దలేను. పిన్ని నా రెండు చేతులూ పట్టుకుంది. "నా దేవుడు నిన్ను అక్కడ కూకోబెట్టినాడమ్మా. ఆ రోజు నీతోపాటే వస్తాను. నీ కుర్చీ పక్కన ఓ మూల కూకుంటాను. వకీలు ఎగ్గొట్టినా నువ్వున్నావు గదా."

చెప్పెయ్యాలనే అనుకున్నాను. రోజూ సాయంత్రం అనుకునేదాన్ని. గేటు దగ్గర ఎవరో ఒకరుండేవారు. ఎవరూ లేని రోజున ఆవిడ ముఖంలో అంత నమ్మకం ఉండేది. తారీకు రోజు పొద్దున్న పిన్ని గంజి పెట్టిన చీర కట్టుకుని, ఇద్దరికీ పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని ఆటో దగ్గర నాకంటే ముందే నిలబడి ఉంది. దారిలో చెబుదామనుకున్నాను. ఆటో నిండా గుమాస్తాలు. కోర్టు గేటు దగ్గర దిగాక చెబుదాంలే అనుకున్నాను.

ఆటో అంత దూరం వెళ్ళనేలేదు. అలవాటు ప్రకారం డ్రైవరు షోరూమ్ ముందు ఆపేశాడు. "మేడమ్, మీ ట్రాక్టర్ల కొట్టు వచ్చింది," అన్నాడు, మర్చిపోయి కూర్చున్నాననుకుని.

పిన్ని బయటికి చూసింది. "ఇదేటమ్మా? కోర్టు ఇదేనేటి?"

"కాదు పిన్నీ. నేను పని చేసేది ఇక్కడ. ఇవి అమ్ముతాను."

అద్దాల వెనక వరసగా నిలబెట్టిన ఎర్ర యంత్రాలను ఆవిడ చూస్తోంది. నేను జవాబులు సిద్ధం చేసుకున్నాను. దుకాణంలో తప్పేముంది, దొంగతనం కాదుగా, మీ అబ్బాయి మట్టుకు షెడ్డులో నూనె పూసుకోడా... ఇవన్నీ వారాల తరబడి నూరి పెట్టుకున్న మాటలు.

ఆవిడ అడిగింది వేరు. "అయితే కోర్టులో నీకు ఎవరూ తెలీదేటి?"

"తెలీదు పిన్నీ."

"మరి తారీకెలా చెప్పినావు?"

"ఫోనులో చూసి."

"ఫోనులో కనబడతాదా?" పెరుగన్నం డబ్బా ఒళ్ళోకి లాక్కుంది. "అలాగైతే మా మనవరాలు చూసి చెప్పీది. నీకోసం రోజూ గేటుకాడ నిలబడినాను గదే."

గుమాస్తాల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. తెలుగు తెలియదు కాబోలు, ఆటో ఎందుకు కదలడం లేదని తప్ప ఆయనకు ఇంకేమీ పట్టినట్టు లేదు. నేను నూరి పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. ఆవిడకు నా దుకాణంతో పేచీ లేదు. ఇన్నాళ్ళూ నేను నా పరువు గురించి కుములుతుంటే ఆవిడ ఇంటి గురించి ఆశ పెంచుకుంది, అదీ నా మాట మీద.

డ్రైవర్ని పోనిమ్మన్నాను. కోర్టులో ఆవిడ వెంటే తిరిగాను. అక్కడ ఏ గది ఎక్కడుందో నాకూ తెలియదని అడుగడుగునా బయటపడుతూనే ఉంది. ఎలాగో వకీలును పట్టుకున్నాం. మీరెవరని నన్ను అడిగాడు. "వ్యవసాయ యంత్రాలు అమ్ముతాను," అన్నాను. అచ్ఛా అని కాగితాల వైపు తిరిగాడు. అంతే. నేను యంత్రం వెనక దాక్కుని మరీ కాపాడుకున్న రహస్యం విలువ అంతే. కేసు వాయిదా పడింది. మెట్ల మీద కూర్చుని పెరుగన్నం తిన్నాం. నా వాటా నాకే పెట్టింది. ఇంకో ముద్ద వెయ్యనా అని కూడా అడిగింది. క్షమించమని అడిగాను.

"ఆవకాయ ఏసుకో," అంది.

బడి తెరిచేలోగా రాజీనామా ఇచ్చేశాను. అడిగినవాళ్ళకు ఎక్కడ పని చేస్తున్నానో చెబుతున్నాను. మా ఆయన పక్కనుంటే పేపరు అడ్డం పెట్టుకుంటారు. కార్యదర్శి మాత్రం తన బావమరిదికి పొలముందని, రేటులో ఏమైనా తగ్గిస్తారా అని అడిగాడు.

పిన్ని నాతో మాట్లాడడం మానలేదు. మానేసి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. కొత్త తారీకు పడిందని మా పనిమనిషి చెబితే తెలిసింది. నిన్న సాయంత్రం గేటు దగ్గర కూరలమ్మే మనిషి బండిలో వంకాయలు ఏరుకుంటూ కనబడింది. పక్కన నిలబడి నేనూ ఏరాను. కాస్త ధైర్యం తెచ్చుకుని, "పిన్నీ, ఈసారి కోర్టుకు నేను తోడు రానా? సెలవు పెడతాను," అన్నాను.

ఆవిడ ఒక కాయ తిప్పి చూసి పక్కన పడేసింది.

"అన్నీ పుచ్చులే తెచ్చినాడమ్మా," అంది. "నువ్వు బేరమాడు. నీ నోటికైతే తగ్గుతాడు."

బేరమాడాను. తగ్గించాడు. ఆవిడ తన వంకాయలు కొంగులో వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.