పడినట్టే అనుకున్న బంతి

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది జనవరిలో సింగపూర్‌లో క్రాంజీ వైపున్న ఒక గోల్ఫ్ క్లబ్బులో నన్ను హ్యాండిక్యాప్ విభాగం ఇన్‌చార్జిగా వేశారు. రిటైర్మెంటుకు ముందు నా చివరి పోస్టు అదే. గోల్ఫ్ మైదానానికి నిర్ణయించిన దెబ్బలకన్నా ఒక ఆటగాడు మామూలుగా ఎన్ని ఎక్కువ కొడతాడో చెప్పే అంకె హ్యాండిక్యాప్. అది తగ్గితే ఆట బాగుపడినట్టు. తోటి ఆటగాడు సంతకం పెట్టిన స్కోరు కార్డులను చూసి ఆ అంకె తేల్చడం నా పని.

క్లబ్బుకు దగ్గర్లోని యూ టీ పేటలో ఉండే ఖలీల్ అంకుల్ హైదరాబాదీ. సైన్స్ పార్క్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. క్లబ్బు సీనియర్ల జట్టులో ఆడాలన్నది ఆయన పదేళ్ల కోరిక. జట్టులోకి రావాలంటే హ్యాండిక్యాప్ పద్దెనిమిది దాటకూడదు. ఏళ్లతరబడి ఇరవై రెండు దగ్గరే అతుక్కుపోయిన మనిషి ఆ ఏడాది ఆర్నెల్లలో పదిహేడుకు దిగారు. జట్టులో పేరొచ్చింది. అందరికీ బిర్యానీ పెట్టారు. నేనూ లొట్టలేసుకుంటూ తిన్నాను.

తర్వాత ఆయన పోటీ కార్డు ఒకటి నా టేబుల్ మీదికొచ్చింది. అందులో ఉన్నది మళ్లీ పాత ఆటే. కార్డులన్నీ తిరగేస్తే సంగతి తెలిసింది. మంచి స్కోర్లన్నీ ఆ ఏడాదే మొదలైన మా తెలుగువాళ్ల ఆదివారం ఆటలవి. బంతి గుంతకు జానెడు దూరంలో ఆగితే, పెద్దాయన వంగడమెందుకని, "వదిలేయండంకుల్, పడినట్టే" అని ఒక్క దెబ్బలో పడినట్టు రాసేసేవాళ్లం. పోనుపోను జానెడు కాస్తా బారెడైంది. హ్యాండిక్యాప్ కార్డుకు మాత్రం ప్రతి బంతీ గుంతలో పడి తీరాలి. ఆ కార్డుల్లో మూడింటి మీద సంతకం నాదే. కంచే చేను మేసిందంటే ఇదే. సిగ్గేసింది.

కమిటీకి నా తప్పు రాసిచ్చి, ఆ కార్డులు రద్దు చేయించాను. అంకె ఇరవై రెండుకు ఎక్కింది. జట్టులో చోటు పోయింది. ఆ మాట నా నోటితోనే చెప్పాలని అంకుల్‌ను క్యాంటీన్లో కూర్చోబెట్టి చెప్పాను.

"సంతకం పెట్టింది నువ్వే, తీసేసింది గూడ నువ్వే. ఇదెక్కడి ఇన్సాఫ్ మియాఁ?" అన్నారు. టీ ముట్టకుండానే లేచిపోయారు.

పదిరోజులకు బంతిని గుంతలోకి కొట్టడం సాధన చేసే ప్రాక్టీసు గ్రీన్ మీద కనిపించారు. "మీ మర్యాద నా కొంప ముంచింది. ఇగ నాకెవ్వరూ ఒక్క బంతి గూడ ఇడిచిపెట్టొద్దు" అని అందరికీ వినబడేలా అన్నారు. ఏడాదిపాటు రోజూ పొద్దున్నే గుంత చుట్టూ బారెడు దూరంలో పది బంతులు పెట్టుకుని, పదీ వరసగా పడేదాకా ఇంటికి కదిలేవారు కాదు. పదోది తప్పితే మళ్లీ ఒకటి నుంచి. మొండిఘటం! ఈసారి పద్దెనిమిదికి నిజంగానే దిగారు. నా సంతోషం ఇంతా అంతా కాదు.

జట్టు మ్యాచ్‌కు నేనూ వెళ్లాను. మనిషికి మనిషి తలపడే ఆ పద్ధతిలో ఎదుటివాడు "పడినట్టే" అని మన బంతిని వదిలేయడం నియమాల్లోనే ఉంది. చివరి గుంతకు మూరెడు దూరంలో అంకుల్ బంతి ఆగింది, అది పడితే గెలుపే. ఎదుటి కుర్రాడు మర్యాదగా సింగపూర్ యాసలో "ఓకే లా అంకుల్" అని బంతి తీసుకోమన్నాడు. అక్కడితో అంకుల్ గెలిచినట్టే. ఆయన నావైపు గుర్రుగా చూసి, వంగి, బంతిని కొట్టారు. టక్కున పడింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, బంతి గుంతలో పడిన చప్పుడు నా చెవులతో వినకుండా ఏ కార్డు మీదా సంతకం పెట్టలేదు.