జేజి పెట్టిన కావలి

మా ముదిగుబ్బ పక్క చలిగాలికి ఒక గుణముంది. వానను మోసుకురమ్మంటే చేతకాదంటుంది గానీ, లోకంలోని పడిశాలన్నీ మూటగట్టుకొచ్చి సరిగ్గా మా ఊర్లోనే దించుతుంది. డెబ్బైల చివర్లో ఒక మార్గశిరంలో ఊరు ఊరంతా తుమ్మింది. మనుషులు తుమ్మినారు, గొర్రెలు తుమ్మినాయి, మా మిద్దె కూడా ఒకసారి తుమ్మి ఇంత మన్ను మా నాయన సంగటిలో రాల్చింది.

సరిగ్గా ఆ నెలలోనే నాకు పెళ్లిచూపులు కుదిరినాయి.

దానికీ దీనికీ ఏం సంబంధమంటారేమో. మంచి పనికి ఒంటి తుమ్ము అడ్డమొచ్చిందంటే మా పక్క ఆ పని అక్కడికి ఆగిపోవాల్సిందే. వెంటనే రెండోది పడి జంటయితే మాత్రం శుభం. నా ముక్కేమో పుట్టినప్పటినుంచీ ఒంటి తుమ్ముల ముక్కు. అంతకుముందు ఒక సంబంధం చూడబోయి వాళ్ల గడపలో కాలు పెడుతూనే తుమ్మినాను. వాకిట్లో ఆరబోసిన చెనిక్కాయలు లేచిపోయి పక్కింటివాళ్ల కుప్పలో కలిసినాయి. వాళ్లు మాకు తలా ఒక గ్లాసు మజ్జిగిచ్చి, తిరుగు బస్సు టైము చెప్పినారు.

అది పోయినందుకు నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. ఇప్పుడు చూడబోయే ఈ తనకల్లు పిల్ల సంగతి వేరు. కదిరి బస్టాండులో ఒకసారి చూసినాను. బస్సు కదిలిపోతాంది, వాళ్లవ్వ ఇంకా కిందనే ఉండాది. ఆ పిల్ల కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఏమప్పా డ్రైవరూ, ముసిలామె కనపళ్లేదా?" అని ఒక్క అరుపు అరిచింది. ఆ బస్సే కాదు, బెంగుళూరు రోడ్డు మీద పోయే లారీలు కూడా ఆగినాయి. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవల్లని ఆడనే నిలబడి తీర్మానం చేసుకున్నాను.

ఈ సంగతి మా జేజికి, అంటే నాయన తల్లికి, చెప్పుకున్నాను. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు ఆమె నా ముక్కును అటూ ఇటూ తిప్పి చూసింది.

"పడిశం దొంగ మాదిరి రా. ఒంట్లో కావలి గట్టిగా ఉంటే లోపలికి యాడొస్తాది? పెళ్లిచూపుల దాకా నీ ఒళ్లు నాకు ఇడిసిపెట్టు."

ఇడిసిపెట్టినాను. పొద్దున లేస్తూనే తులసాకు, శొంటి, మిరియాల కషాయం. అందరిళ్లలో మిరియాలు చిటికెడేస్తారు. మా జేజి వేసిన మిరియాలు, అనంతపురానికి సముద్రముండి ఉంటే, ఓడలో దిగేవి. తర్వాత మిద్దెమీద ఎండలో కూర్చోబెట్టి ఉసిరికాయలు నమిలించేది. మధ్యాన్నం సంగటిలోకి వెల్లుల్లి దండిగా వేసిన ఉలవచారు, మునగాకు వేపుడు. సందెకాడ వావిలాకు వేసి మరగబెట్టిన నీళ్లకుండ ముందర కూర్చోబెట్టి దుప్పటి కప్పేది. కోళ్లకంటే ముందు పండుకోమనేది.

ఊరంతా ముక్కులు చీదుతాంటే నా ఒక్కడి ముక్కే ఎండిన చెరువు మాదిరి ఉండేది. నేను నోరు తెరిచి పలకరిస్తే ఎదుటివాళ్ల పడిశం వదిలిపోయేది. కొందరు ఆ పలకరింపు కోసమే మా అరుగు మీద కాచుకుని కూర్చునేవాళ్లు.

మా నాయన ఉండబట్టలేక అడిగినాడు. "అమ్మా, వాడు పెళ్లికొడుకా, ఊరగాయా?"

"ఊరగాయకు పడిశం పట్టింది ఎప్పుడన్నా చూసినావా?" అన్నది జేజి.

పెళ్లిచూపుల పొద్దున బయల్దేరే తొందరలో జేజి చేతికందిన గుడ్డముక్కలో వేయించిన ఓమ మూటగట్టి నా జేబులో పెట్టింది. "ముక్కు బిగిసినట్టుంటే వాసన చూడు," అన్నది. నేను, నాయన, జేజి బస్సెక్కి తనకల్లుకు పోయినాము. దారంతా కిటికీలోంచి చలిగాలి కొట్టినా నా ముక్కు చలించలేదు.

వాళ్లింట్లో చాప మీద కూర్చున్నాము. పిల్ల నాయన లోపలికి చూసి, "పాపను పిలుచుకోని రాండి," అన్నాడు. ముక్కు కాస్త బిగిసినట్టనిపించింది. మూట తీసి గట్టిగా పీల్చినాను.

ఆ తుమ్ముకు వాళ్ల గోడకున్న క్యాలెండరు ఉగాది దాకా తిరిగిపోయింది.

మా నాయన కళ్లు అప్పుడే చెప్పుల కోసం వెతుకుతాండాయి. జేజి నా చేతిలో మూటను చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "నా తలకాయ! ఇది మిరియాల పొడి జల్లించిన గుడ్డ కదరా!" అని నా చెవిలో గొణిగింది. పిల్ల నాయన గొంతు సవరించుకుని, "మజ్జిగ తేండమ్మా," అన్నాడు. మజ్జిగంటే ఏమిటో నాకు తెలుసు. తిరుగు బస్సు గుర్తొచ్చింది.

అప్పుడు లోపలి గదిలోంచి పడింది. "హాచ్!"

పిల్ల అవ్వ గుమ్మంలోనే చప్పట్లు కొట్టింది. "జంట పడింది! శుభం! మజ్జిగ కాదు, పాయసం తేండి!"

అందరి మొహాలూ విప్పారినాయి. నా మొహం మాత్రం మాడిపోయింది. ఎందుకంటే, జన్మలో ఎరగని రెండో తుమ్ము నా ముక్కులో అప్పుడే బయల్దేరింది. అది పడిందా, లెక్క మళ్లా చెడిపోతుంది! ఊపిరి బిగబట్టినాను. చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారినాయి.

"పాపం, పిల్లోడిది ఎంత మెత్తని మనసో," అన్నది ఆ అవ్వ.

పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుంది. ముక్కు మిరపపండు మాదిరి ఎర్రగా ఉండాది. నన్ను చూసి, నవ్వాపుకోలేక తల వంచేసింది. తాంబూలాలు మార్చుకున్నాక నేను ఊరి బయటికి పరిగెత్తి, దాచిన తుమ్మును దించుకున్నాను. అది విని ముదిగుబ్బలో ఇంటికాడున్న మా అమ్మ, ఇంతసేపు ఆపుకున్నాడంటే సంబంధం కుదిరినట్టేనని తెలుసుకుందంట.

పెళ్లయినాక ఆ పిల్లనే అడిగినాను, నీకూ పడిశమేనా అని.

"పడిశమా, పాడా! మా అవ్వ నశ్యం డబ్బీలో ముక్కు పెట్టి పీల్చినా."

"నాకోసమా?"

"కదిరి బస్టాండులో నోరు తెరుచుకుని నిలబడితివే, నేను చూళ్లేదనుకుంటివా? బస్సునాపినదాన్ని, ఒక్క తుమ్ముకు నిన్ను పోనిస్తానా?"

ఈ నశ్యం కథను మా జేజి చివరిదాకా ఒప్పుకోలేదు. "ఊరంతా పొద్దస్తమానం తుమ్ముతాంటే వీడు ఒక్కదానితో ఆపినాడు. ఎవరి కషాయమమ్మా అది?" అనేది.

ఇప్పుడు చలికాలమొస్తే ఆ కషాయం మా ఇంటామె కాస్తుంది, జేజి కొలతకు మిరియం తగ్గకుండా. అయినా ఎప్పుడన్నా కావలి కన్నుగప్పి నాకొక తుమ్ము వస్తుంది. వచ్చిన మరుక్షణం వంటింట్లోంచి రెండోది పడుతుంది, నశ్యం లేకుండానే.