సకాలంలో ప్రసవం, లోపాలు ఉచితం

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. పోయింది నా పరువొక్కటే. అయినా ఆ సోమవారం పొద్దున మా గది గుమ్మంలో నేను చూసిన దృశ్యం గుర్తొస్తే, ఇప్పటికీ నా గుండె ఒక్కసారి ఆగి, నన్ను నాలుగు తిట్టి, ఆ తర్వాతే మళ్లీ కొట్టుకోవడం మొదలుపెడుతుంది.

అప్పుడు నాకు ముప్పయ్యేళ్లు. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎవరూ చదవని యూజర్ మాన్యువళ్లు రాసేవాణ్ణి. వాటిని ఎవరూ చదవడం లేదని ఒకరోజు కంపెనీవాళ్లు కూడా కనిపెట్టారు. దాంతో ఉద్యోగం పోయింది. తెలుగులో ఎం.ఏ. ఉంది, ఇంగ్లిష్ వచ్చు, ఇంకొకరి వాక్యం చూడగానే దిద్దాలనే దురద చిన్నప్పటి నుంచీ ఉంది. ఎడిటింగూ అనువాదాలూ సొంతంగా చేసుకుని బతుకుదామనుకున్నాను.

కొండాపూర్‌లో నాతోపాటు ఒకే గదిలో ఉండే శ్రీశైలం సాఫ్ట్‌వేర్ టెస్టర్. అంటే ఇతరుల తప్పులు పట్టుకోవడానికి జీతం తీసుకునే మనిషి. ఊరు సిద్దిపేట. అతనే అన్నాడు, "వెబ్‌సైట్ లేకుంటే నిన్నెవడు నమ్ముతడురా? ఇగ షురూ చెయ్యి" అని.

షురూ చేశాను. పదకొండు రోజులు స్నానం కూడా వాయిదాల పద్ధతిలో చేస్తూ వెబ్‌సైట్ కట్టాను. పేరు 'అమ్మపలుకు కేర్'. బొమ్మగా ఒక ఉయ్యాల, అందులో పడుకుని నవ్వుతున్న 'అ' అక్షరం. దాన్ని చూసి నేనే మురిసిపోయి రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాను. మన చుట్టూ ఉన్నదంతా ఐటీ జనం కదా అని రాతంతా ఇంగ్లిష్‌లో రాశాను. మీ పని బాధలేకుండా చేస్తాను, డెలివరీ వేళకు ఇస్తాను, ఎర్రర్ ఫ్రీగా ఇస్తాను, అర్జెంట్ డెలివరీలు కూడా తీసుకుంటాను, మదర్ టంగ్ అంటే నాకు ప్రాణం, ప్రతి ప్రాజెక్టూ నా బిడ్డే... ఇలా. అన్నిటికన్నా పైన పెద్ద అక్షరాలతో, 'యంత్రాల అనువాదాన్ని నమ్మి మోసపోకండి' అని కూడా రాశాను.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే నేను మరచిపోయాను.

చివరిరోజుకి నా రాత నాకే వెగటు పుట్టింది. ఇప్పుడు కూర్చుని ఇదంతా మళ్లీ తెలుగులో రాయాలా అని నీరసపడుతుంటే, వెబ్‌సైట్ కట్టడానికి నేను వాడుతున్న సైట్‌లోనే ఒక మూల చిన్న మీట కనిపించింది. అది నొక్కితే మొత్తం తానే తెలుగులోకి మార్చి పెడుతుందట. నొక్కాను. తెలుగు అనువాదకుణ్ణని చెప్పుకునే వెబ్‌సైట్‌ని యంత్రం చేత తెలుగు చేయించిన ఘనుణ్ణి నేను.

"ఒక్కపారి చదువుకోరా" అన్నాడు శ్రీశైలం.

"నేను తెలుగు ఎడిటర్ని. నాకు నువ్వు చెప్తున్నావా?"

"ఎడిటర్‌వే. చదవమన్న, గంతే."

చదవలేదు. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఫోన్ ఏ భాషలో ఉంటే వెబ్‌సైట్ ఆ భాషలో తెరుచుకుంటుంది. నా ఫోనూ, నా స్నేహితుల ఫోన్లూ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. కాబట్టి ఆ తెలుగు పేజీ ఎలా ఉందో మాకెవరికీ తెలియదు. నేను మాత్రం ఆ వెబ్‌సైట్ లింకును కొండాపూర్ నుంచి నిజాంపేట దాకా కనపడిన ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ వేసేశాను.

మూడోరోజు మధ్యాహ్నం మొదటి ఫోన్ వచ్చింది. ఎవరో పెద్దావిడ.

"హలో, డెలివరీ జేసే సారేనా?"

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "అవునమ్మా. చెప్పిన రోజుకు మీ చేతిలో పెడతాను."

"మా బిడ్డది సార్. గిదే మొదటిది. జర భయపడ్తాంది."

కూతురు పుస్తకం రాసిందన్నమాట! "మొదటిదంటే ఎవరికైనా భయమేనమ్మా. ఇన్నాళ్లూ లోపలే దాచుకున్నది బయటికి రావాలంటే మాటలా?"

"గదే సార్! తొమ్మిది నెల్ల సంది మోస్తాంది."

"తొమ్మిది నెలలేగా? కొందరు తొమ్మిదేళ్లు మోస్తారు."

ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. "కోత వెడ్తవా సార్?"

"అనవసరంగా పెట్టనమ్మా. తప్పదనుకుంటేనే, అదీ మిమ్మల్ని అడిగే. సహజంగా వచ్చేదాన్ని సహజంగా రానివ్వడమే నా పద్ధతి."

"నీ కడుపు సల్లగుండ బిడ్డా!"

"ఫైలు ఉందా?"

"ఫైలున్నది, స్కానింగు గూడున్నది."

"స్కానింగ్ మసకగా ఉంటే నాకు కష్టం, చూసుకోండి. పేరేమైనా అనుకున్నారా?"

"ముందుగల్లనే పేరెట్ల వెడ్తం సార్? అయినంకనే."

"మంచి మాట. నేనూ అందరికీ అదే చెప్తాను, పేరు చివర్లోనే పెట్టమని."

సోమవారం పొద్దున్నే తోల్కస్తనంది. పుస్తకాన్ని 'తోలుకురావడం' ఏమిటని ఒక్క క్షణం అనిపించింది. రచన మీద ఎంత ప్రేముంటే మనిషిలా చూస్తుంది అనుకుని కరిగిపోయాను. చిరునామా చెప్పాను.

సోమవారం బల్ల తుడిచి, ఎర్ర కలాలు మూడు వరుసగా పేర్చి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాను. శ్రీశైలానికి ఆరోజు ఇంటి నుంచే పని. తలుపు చప్పుడైంది. ముఖమంతా నవ్వు పులుముకుని తలుపు తీశాను.

ఎదురుగా ఓ నడివయసు ఆవిడ. ఒక చేతిలో బట్టల మూట, ఇంకో చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు. ఆమె వెనక, రెండంతస్తుల మెట్లెక్కి ఆయాసపడుతూ, నడుం మీద చెయ్యి వేసుకుని, నిండు చూలాలు.

"గీమెనే సార్ మా బిడ్డ, స్వప్న" అంది పెద్దావిడ. "డాక్టరమ్మ ఏది?"

"ఏ డాక్టరమ్మ?"

"మరి నువ్వే జేస్తవా?"

నిలబడి ఉన్నానో పడిపోయానో కూడా తెలియలేదు. చూలాలిని నిలబెట్టకూడదనే ఇంగితం మాత్రం శ్రీశైలానికి ఉంది. గబగబా కుర్చీ లాగి, "కూసో అక్కా, కూసో" అని నీళ్లిచ్చాడు. నేను మాత్రం ఇంకా ఆశ చావక, "ఫైలు?" అన్నాను. పెద్దావిడ చేతికిచ్చింది. తెరిచాను. నల్లటి కాగితం మీద, ముడుచుకు పడుకున్న ఒక చిన్నారి తల.

"ఏందిరా గిది?" అన్నాడు శ్రీశైలం నా భుజం మీదుగా చూసి.

"స్కానింగ్" అన్నాను. మసకగా లేదు. చాలా స్పష్టంగా ఉంది.

పెద్దావిడ పేరు యాదమ్మ. నిజాంపేటలో హాస్టళ్ల దగ్గర ఇడ్లీ బండి నడుపుతుంది. హాస్టల్ పిల్లల వాట్సాప్‌లో వచ్చిందని, తెలుగులో పెట్టుకున్న కూతురి ఫోన్‌లో నా వెబ్‌సైట్ తెరిచి నా ముఖం ముందు పెట్టింది. జీవితంలో మొదటిసారి నా తెలుగు పేజీ నేను చదివాను.

'నొప్పి లేని ప్రక్రియ. సకాలంలో ప్రసవం. అత్యవసర ప్రసవాలు కూడా స్వీకరించబడును. లోపాలు ఉచితం. తల్లి నాలుక నా ప్రాణం. ప్రతి ప్రాజెక్టు నా శిశువు.' పైన ఉయ్యాల, దాని కింద నా ఫోటో, ఫోటో కింద నా హోదా: 'ఉచిత బల్లెం'. ఫ్రీలాన్సర్ అని రాసుకున్న పాపానికి, ఫ్రీని ఉచితం చేసి, లాన్స్‌ని బల్లెం చేసి యంత్రం నాకిచ్చిన బిరుదు అది.

"బల్లెం ఏందో సమజ్ గాలే సార్. సూదేమో అనుకున్న" అంది యాదమ్మ.

"అనువాదం అని కూడా ఉంది కదమ్మా!"

"అనువుగ జేస్తరనుకున్న."

"నేనంటనే ఉన్న, గిది దవాఖాన లెక్క కొడ్తలేదని" అంది స్వప్న కుర్చీలోంచి. "మా అమ్మ ఇంటదా? సారు మంచిగ మాట్లాడిండు, కోత వెట్టనన్నడు అని ఒకటే..."

మాట మధ్యలో ఆగిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి. "అమ్మా... నొస్తుంది."

ఆ గదిలో ఉన్న నలుగురిలో ఎవరి ముఖం తెల్లబోయిందో చెప్పనక్కర్లేదు. నేను ఎర్ర కలం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఎందుకు పట్టుకున్నానని అడక్కండి. శ్రీశైలం కంగారులో ఫోన్ తీసి బండి బుక్ చేశాడు. "వస్తుందిరా, రెండు నిమిషాల్ల" అన్నాడు. చూస్తే బైక్ టాక్సీ! "నిండు చూలాలిని బైక్ మీద ఎక్కిస్తావా?" అని నేనూ, "నువ్వు మన ఇంట్ల కాన్పు పెట్టుకుంటివి, నన్నంటవా?" అని వాడూ అరుచుకుంటుంటే యాదమ్మ ఒక్క కేక వేసింది.

"అరుసుడు బంద్ జెయ్యిన్రి! కిందికి వోయి ఆటో ఆపున్రి!"

నేను పరుగెత్తి ఆటో ఆపాను. శ్రీశైలం, యాదమ్మ చెరో పక్కా పట్టుకుని స్వప్నను ఒక్కో మెట్టే దించారు. ఆమె పేరు నమోదైన దవాఖాన పది నిమిషాల దూరంలోనే ఉంది. ఆ పది నిమిషాల్లో నాకు తెలిసిన దేవుళ్లందరికీ దండం పెట్టాను. తెలియని వాళ్లకు కూడా పెట్టాను.

స్వప్నను లోపలికి తీసుకెళ్లాక, రూతమ్మ అనే పెద్ద నర్సు కాగితాలతో బయటికొచ్చింది. మాట గోదావరి వైపుది.

"పేషెంటుకి మీరేమవుతారండీ?"

నేను నోరు తెరిచేలోపే యాదమ్మ అందుకుంది. "ముందుగల్ల గీ సారు కాడికే వోయినం. ఇంట్లనే డెలివరీలు జేస్తడు."

రూతమ్మ కళ్లద్దాలు పైకి జరిపింది. "మీరు డెలివరీలు చేస్తారా? ఏం చదివారండీ?"

"తెలుగు ఎం.ఏ. అండీ."

ఆమె సెక్యూరిటీ అతని వైపు చూసింది. నేను చెమటలు కక్కుకుంటూ మొత్తం కథ చెప్పి, స్వప్న ఫోన్‌లో ఆ పేజీ చూపించాను. 'ఉచిత బల్లెం' దగ్గరికొచ్చేసరికి ఆమె గోడ పట్టుకుంది. 'లోపాలు ఉచితం' దగ్గర బెంచీ మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తుడుచుకున్నాక మాత్రం ముఖం మారింది.

"నవ్వొచ్చింది, నవ్వేను. కానీ బాబూ, ఆ మెట్ల మీద ఆ పిల్లకేవన్నా అయ్యుంటే?"

వరండా బెంచీ మీదే కూర్చుని, నా ఫోన్‌లోంచి ఆ తెలుగు పేజీని పీకేశాను. కంగారులో మూడుసార్లు వేరే మీట నొక్కాను.

సాయంత్రం నాలుగింటికి ఆడపిల్ల పుట్టింది. ఆఫీసు బస్సు నడిపే స్వప్న భర్త డ్యూటీ దిగి పరుగున వచ్చాడు. యాదమ్మ నా నోట్లో మైసూర్‌పాక్ కుక్కింది. "పరేషాన్ గాకు సార్. నువ్వు లేకుంటే మాకు ఆటో దొరక్కపోతుండె" అంది. నన్ను క్షమించడానికి ఆమె అంతకన్నా పెద్ద కారణం వెతకలేదు. కాళ్లకు దండం పెట్టబోతే తిట్టింది.

కథ ఇక్కడ ముగిస్తే నా బతుకు బాగుపడేది. కానీ యాదమ్మ మంచి మనిషి. మేలు మరవని మనిషి. మర్నాడు అల్లుడి చేత రాయించి, ఇంటర్నెట్లో నా పేరు కింద ఐదు చుక్కలతో ఒక అభిప్రాయం పెట్టించింది. 'సారు మస్తు మంచోడు. మొదటి కాన్పు. దగ్గరుండి చూసుకున్నడు. తల్లీపిల్ల సల్లగున్నరు. డెలివరీ అంటే గీ సారే.'

నా జీవితంలో నాకొచ్చిన మొదటి ఐదు చుక్కలు అవి. తీసెయ్యమని ఏ నోటితో అడగను?

వారం తిరక్కుండా ఒకాయన ఫోన్ చేశాడు. హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో ఉన్నట్టున్నాడు, హారన్ల మోతలో సగం మాటలే వినపడుతున్నాయి. "మీ గురించి మంచిగ రాసిన్రు సార్. మావి రెండు నవలలు. తీసుకుంటరా?" రెండు నవలలు! ఎగిరి గంతేశాను. "రెండూ నాకే ఇచ్చేయండి సార్, ఒకేసారి చేసేస్తాను" అన్నాను. ఆయన సంతోషంతో ఏడ్చినంత పని చేసి, భార్యకు చెప్తానని పెట్టేశాడు. నవలలకు భార్యెందుకని ఆలోచిస్తూ టీ తాగుతుంటే, కప్పు చేతిలోనే ఆగిపోయింది. తిరిగి ఫోన్ చేసి అడిగాను. ఆయన అన్నది కవలలు.

అందుచేత పాఠక మహాశయులారా, మీ అందరి సమక్షంలో, ఎర్ర కలం గుండెకు ఆనించి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నా పేరు మీద వెళ్లే ఒక్క తెలుగు ముక్కనైనా నా కళ్లతో నేను చదవకుండా లోకం మీదికి వదలను. ఎంత పెద్ద పని వచ్చినా, ఎవరు ఫోన్ చేసినా, నవలలా కవలలా అని ముమ్మారు అడగకుండా మాత్రం 'రెండూ నాకే ఇచ్చేయండి' అనను.