అట్టలు కొట్టే రావమ్మ

పెడనలో మగ్గం నేసేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మగ్గం మీద బొమ్మలు నేయించే జకార్డు అట్టలను వరుసగా కుట్టి దండ చేసేవాళ్ళు పదిమంది ఉంటారు. గళ్ళకాగితం మీది బొమ్మ చూసి, అట్టల్లో చిల్లులు కొట్టి, మగ్గానికి దాన్ని చెప్పగలిగినవాడు ఒక్కడే. 1962లో ఆ ఒక్కడూ గుడివాడ వెళ్ళిపోయాడు.

ఆ ఉద్యోగానికి చేనేత సంఘం పెట్టిన పరీక్షకు ఇద్దరు వచ్చారు. శంకరరావుకు ఈ పని నేర్చుకున్నట్టు బందరులో ఇచ్చిన సర్టిఫికెట్టు ఉంది. రావమ్మ పదేళ్ళుగా అట్టలు కుడుతోంది. చిల్లులు కొట్టే పని తనకు దక్కాలని ఆమె ఆశ.

తువ్వాలు కొంగున ‘పెడన’ అన్న అక్షరాలు రావాలని చెప్పి కార్యదర్శి పాండురంగారావు గళ్ళకాగితం ఇచ్చాడు. శంకరరావు వెంటనే సుత్తి అందుకున్నాడు. రావమ్మ కదలలేదు.

“ఏం రావమ్మా, చేతకాదా?” అన్నాడు పాండురంగారావు.

“అది కాదండీ. బట్ట మంచివైపు కిందికి ఉండేలా నేస్తారా, పైకా?”

“కిందికే. మన మగ్గాలన్నీ అంతేగా?”

“అయితే కాగితం తిరగేసి కొట్టాలండీ. లేదంటే అక్షరాలు చదవడానికి కొన్నవాళ్ళు తువ్వాలుతోపాటు అద్దం కూడా కొనుక్కోవాలి.”

శంకరరావు సుత్తి ఆగింది. “బందరులో మంచివైపు పైకే ఉంచి నేయించారక్కా!” అన్నాడు.

పాండురంగారావు పగలబడి నవ్వి, ఉద్యోగం రావమ్మకే ఇచ్చాడు.

“మరి నేను కొట్టినవాటిని కుట్టడానికో మనిషి కావాలండీ” అంది రావమ్మ, శంకరరావు వైపు చూస్తూ.

శంకరరావు సుత్తి పక్కన పెట్టి, సూది ఎక్కడుందని అడిగాడు.