సగటు పోయిన బరువులు

అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. కిడ్నీ జబ్బున్న పెద్ద వయసు వాళ్ళ మీద జరిగిన మందు పరీక్ష డేటా నా చేతికి వచ్చింది. అందులో వయసు ఏళ్ళలో ఉంటుంది, బరువు కిలోల్లో, రక్తపరీక్ష అంకె ఇంకో కొలతలో. మందు పనిచేయడం మీద ఈ మూడింటిలో దేని ప్రభావం ఎక్కువో పోల్చాలంటే ముందు వీటిని ఒకే కొలతకి తేవాలి. ఒక్కొక్కరి బరువులోంచి అందరి సగటు తీసేసి, మిగిలినదాన్ని స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగిస్తాం. బరువులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె అది. మా పనిలో దీన్ని స్టాండర్డైజ్ చేయడం అంటారు. సాఫ్ట్‌వేర్‌లో నాలుగు లైన్లు రాస్తే అయిపోతుంది.

ఆ నాలుగు లైన్లలో నేను రెండు తప్పులు చేశాను. సగటునూ డీవియేషన్‌నూ వేరే ఫైల్లో దాచమని చెప్పే మాట ఒకటి ఉంటుంది, అది రాయలేదు. కొత్త విలువలను పాత టేబుల్ పేరుతోనే సేవ్ చేశాను. కిలోలు చెరిగిపోయి, వాటి చోట మైనస్ ఒకటి, సున్నా పాయింట్ ఐదు లాంటి అంకెలు మిగిలాయి. వయసు, రక్తపరీక్షల అసలు విలువలు మరో టేబుల్లో కూడా ఉన్నాయి. బరువులే పోయాయి.

ఈ సంగతి మూడు వారాల తర్వాత తెలిసింది. మా టీమ్ లీడ్ నాకన్నా పదేళ్ళు పెద్ద, విజయవాడ ఆవిడ. ఈ ఉద్యోగానికి నా పేరు చెప్పింది ఆవిడే. మీటింగుల్లో ఇంగ్లీషే అయినా బయట నేను ఆవిడని అక్కా అనే పిలిచేదాన్ని. ఒక మంగళవారం నా డెస్క్ దగ్గర ఆగి, "గ్రాఫ్ బాగుంది గానీ మైనస్ ఒకటి బరువంటే డాక్టర్లకి ఏం అర్థమవుతుంది? కిలోల్లోకి కన్వర్ట్ చేసి శుక్రవారానికి పంపించు" అంది.

వెనక్కి మార్చడం ఇంకా తేలిక. డీవియేషన్‌తో గుణించి, సగటు కలపడమే. ఆ రెండు అంకెల కోసం టేబుల్ తెరిచాను. సగటు సున్నా, డీవియేషన్ ఒకటి అని చూపించింది. స్టాండర్డైజ్ చేసిన ఏ డేటా అయినా అదే చెబుతుంది. ప్రోగ్రామ్ మళ్ళీ మళ్ళీ రన్ చేసినందువల్ల మొదటిసారి లెక్కల వివరాలు రాసుండే లాగ్ కూడా చెరిగిపోయింది. అసలు డేటా మా క్లయింట్ అయిన మందుల కంపెనీ సర్వర్లో ఉంది. మా యాక్సెస్ నెలాఖరుకే మూసేశారు. మళ్ళీ తెరిపించాలంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. కారణం నేనే.

అప్పుడే నా వీసా ఎక్స్‌టెన్షన్ ప్రాసెస్‌లో ఉంది. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకొకటి చూసుకోవాలి, లేదంటే దేశం వదిలి వెళ్ళాలి. మా ఆయన నా మీద డిపెండెంట్‌గా వచ్చాడు. హైదరాబాద్‌లో పన్నెండు మంది టీమ్‌ను నడిపించిన మనిషి, వర్క్ పర్మిట్ కోసం ఇంట్లో ఎదురుచూస్తున్నాడు. నా కాగితం కదిలితే తప్ప అతని కాగితం కదలదు.

ఆ సాయంత్రం వంటింట్లో అతను బెండకాయలు తరుగుతుంటే చెప్పాను. కత్తి పక్కన పెట్టేశాడు.

"ఎవరికైనా తెలుసా?"

"ఇంకా తెలీదు."

"అయితే చెప్పకు. ఎక్స్‌టెన్షన్ రానీ. తర్వాత ఏదైనా చూద్దాం."

"శుక్రవారానికి పంపించాలి."

"నువ్వే ఏదో ఒకటి కనిపెడతావులే" అన్నాడు. అది నమ్మకమో బతిమాలడమో నాకు తెలియలేదు.

మర్నాడు నిజంగానే కనిపెట్టాను. ఇద్దరు పేషెంట్ల అసలు బరువులు తెలిస్తే చాలు, వాళ్ళ స్టాండర్డైజ్ చేసిన అంకెలతో పోల్చి సగటునూ డీవియేషన్‌నూ రాబట్టవచ్చు. పాత ఈమెయిళ్ళలో, పౌండ్లా కిలోలా అని ఆసుపత్రులను అడిగినప్పుడు వాళ్ళు రాసిన జవాబులు మూడు దొరికాయి. మైనస్ ఒకటి ఉన్న పేషెంట్ బరువు అరవై నాలుగు కిలోలు. సున్నా పాయింట్ ఐదు ఉన్నాయన ఎనభై ఎనిమిది. లెక్క వేస్తే డీవియేషన్ పదహారు, సగటు ఎనభై. కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకున్నాను. అలవాటు కొద్దీ మూడో పేషెంట్‌తో సరిచూశాను. నా లెక్క ప్రకారం వంద కిలోలు రావాలి. ఈమెయిల్లో తొంభై నాలుగు అని ఉంది.

ముగ్గురిలో ఎవరో ఒకరి బరువును తర్వాత సరిదిద్ది ఉంటారు. ఎవరిదో నాకు తెలియదు. ఏ ఇద్దరిని తీసుకున్నానన్నదాన్ని బట్టి సగటు మారుతోంది: ఎనభై, డెబ్భై ఏడు, ఎనభై నాలుగు. మూడో ఈమెయిల్ ఉన్న సంగతి నాకు తప్ప ఎవరికీ గుర్తుండదు. దాన్ని మూసేసి, ఎనభై వేసి గ్రాఫ్ గీశాను. చాలా చక్కగా వచ్చింది. గురువారం రోజంతా ఆ ఫైల్ నా ఎదుట తెరిచే ఉంది. పంపించలేకపోయాను, తీసేయలేకపోయాను.

శుక్రవారం పొద్దున అక్కని చిన్న మీటింగ్ రూమ్‌లోకి పిలిచి అన్నీ చెప్పాను, మూడో ఈమెయిల్‌తో సహా. ఆవిడ తలుపు మూసింది.

"ఎన్ని రోజులైంది తెలిసి?"

"మూడు రోజులు."

"మూడు రోజులు నా ముందే తిరిగావు."

"భయమేసింది అక్కా. ఎక్స్‌టెన్షన్..."

"నేను మాత్రం వీసా మీద బతకలేదా?" అని లేచింది. "క్లయింట్‌కి నేను రాస్తాను. నీ పేరు దాచలేను."

యాక్సెస్ తెరవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఎవరూ నన్ను ఏమీ అనలేదు. పనీ ఇవ్వలేదు. నేను లేనప్పుడు మా ఆయన కారు నిలిపే షెడ్డులో ఖాళీ అట్టపెట్టెలు పేర్చి పెట్టాడు, వెళ్ళిపోవాల్సొస్తే సామాను సర్దడానికి.

అసలు డేటా వచ్చింది. సగటు ఎనభై, డీవియేషన్ పదహారు. బరువు సరిదిద్దింది మూడో పేషెంట్‌దే. నేను నోరు మూసుకుని పంపినా రిపోర్టు తప్పయ్యేది కాదు.

ఆ మాట ఇంట్లో చెబితే మా ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "అంటే నువ్వు చెప్పక్కర్లేకపోయింది కదా" అని మాత్రం అన్నాడు. ఎనభై సరైనదని అప్పుడు నాకు తెలియదనే మాట అతనికి ఎలా చెప్పినా సాకులాగే వినిపించేది.

ఉద్యోగం పోలేదు. రెండు నెలలకి ఎక్స్‌టెన్షన్ వచ్చింది, ఆ తర్వాత అతని పర్మిట్ కూడా. కానీ అక్క తన తర్వాతి స్టడీలో నన్ను తీసుకోలేదు. పార్కింగ్‌లో ఎదురైనప్పుడు అడిగాను.

"నువ్వు చెప్పడం మంచిదే అయింది. కానీ ఆ మూడు రోజులు నేను మర్చిపోలేకపోతున్నాను" అంది.

వేరే కంపెనీకి మారదామంటే గ్రీన్‌కార్డ్ పని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలేమోనన్న భయం. అందుకని అదే ఫ్లోర్‌లో ఇంకో టీమ్‌లో కూర్చున్నాను. నేను రాసే ప్రతి ప్రోగ్రామ్‌నూ ఇంకొకరు మళ్ళీ రాసి సరిచూస్తారు. రోజూ పదకొండింటికి కాఫీ దగ్గర అక్క కనబడుతుంది. ఇద్దరం ఇంగ్లీషులో పలకరించుకుంటాం.