పేరు పెట్టని ప్రార్థన

ఆ ఆదివారం ఆమెను లేచి నిలబడమన్నది నేనే. ఆ సంగతి మొదటే చెప్పాలి.

అప్పుడు మేము కోరుట్లలో ఉండేవాళ్లం. రేకుల కప్పున్న అద్దె గదిలో మందిరం, వెనక గదిలో మా కాపురం. మా ఆయన పాస్టరు. జగిత్యాలలో సండే స్కూలుకు పోయిన నాటి నుంచీ నేను నేర్చుకున్నది, దేవుడు మేలు చేస్తే దాచుకోకూడదని. సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఎప్పుడు జరిగిందో, ఎట్లా జరిగిందో అన్నీ చెప్పాలి. ముక్తసరిగా చెప్పి కూర్చునేవాళ్లను నేనే మళ్లీ అడిగి చెప్పించేదాన్ని.

ఆమె మా సంఘంలోదే, బీడీలు చుట్టేది. భర్త లేడు. ఒక్కడే కొడుకు. సిరిసిల్లకు మరమగ్గాల పనికి వెళ్లి, అక్కడి నుంచే నక్సలైట్లతో, మా దిక్కు మాటలో అన్నలతో, కలిసి అడవిలోకి వెళ్లిపోయాడు. వాడకట్టు అంతటికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఆరాధనకు ముందు ఆమె నా చేయి పట్టుకుని, మన ప్రార్థన దేవుడు విన్నాడమ్మా అంది. ముఖం వెలిగిపోతోంది. ఏ ప్రార్థన అని నేను అడగలేదు.

"మరి లేశి చెప్పక్కా. మేలు దాసుకుంటరా?" అన్నాను.

ఆమె లేచి, కొంగు తల మీదికి లాక్కుంది.

"బేస్తారం నాడు నా కొడుకు ఇంటికచ్చిండు. ఒళ్లు కాలుతున్నది. కన్ను తెర్వలే. నూనె రాసి ప్రార్థన చేసిన. ఇయ్యాల పొద్దుగాల లేశి గంజి తాగిండు. దేవునికి స్తోత్రం."

అలవాటు కొద్దీ అందరం స్తోత్రం అన్నాం. అన్న తరువాత తెలిసింది, ఏం విన్నామో. ఆమె చేయి దానంతట అదే నోటికి అడ్డం పోయింది. మా ఆయన పాట ఎత్తుకున్నాడు. సగం మందే గొంతు కలిపారు.

ఎవరు చేరవేశారో ఇప్పటికీ తెలియదు. సోమవారం పొద్దున జీపు వచ్చి మందిరం ముందు ఆగింది. ఎస్సై బూట్లతోనే చాప మీదికి వచ్చాడు.

"ఏం పాస్టరూ, మీ దగ్గర అన్నలకు గూడ స్తోత్రాలు నడుస్తున్నయంట?"

"అన్నలకు కాదు సార్. జెరం తగ్గినందుకు."

"ఎవనికి తగ్గింది?"

నేను తలుపు చాటున నిలబడ్డాను. తెల్వదు అంటే చాలు. ఆ ఒక్క అబద్ధం ఆయన నోట పలికించమని దేవుణ్నే వేడుకుంటున్నాను.

"అది చెప్పను సార్. తెల్వదంటే అబద్ధమైతది."

"అబద్ధమే ఆడు. ఏమైతది? మీ దేవుడు మాఫ్ చేస్తడు గద."

"చేస్తడు సార్. మాఫ్ చేస్తడని మనసుల పెట్టుకొని ఆడుడు ఎట్ల?"

ఎస్సై నవ్వలేదు. జీపు ఎక్కమన్నాడు.

అంతకు ముందొకసారి అన్నలు వచ్చి, పోలీసోళ్ల ఇండ్ల నుంచి మందిరానికి ఎవరెవరు వస్తారని అడిగినప్పుడు కూడా ఆయన చెప్పను అనే అన్నాడు. ఇదే గొంతు. మా వాకిలి ఊడ్చే ఆమెతో మాట్లాడే గొంతు కూడా అదే. ప్రసంగంలో పెరిగేది కాదు, తుపాకీ ముందు తగ్గేది కాదు. ఆ రోజు మాత్రం ఆ గొంతు మీద నాకు కోపం వచ్చింది.

ఆమె ఇంటికి పోయి చెప్పాలని ఉంది. పోతే నా వెనుక ఎవరైనా వస్తారేమోనని భయం. వంట గదిలో కూర్చుని బియ్యం ఏరాను. ఏరినవే మళ్లీ ఏరాను.

పొద్దు గుంకే వేళకు ఆయన నడిచి వచ్చాడు. ఎడమ చెంప వాచింది. నీళ్లు తాగి, "ఆమె దగ్గరికి పోయినవా?" అన్నాడు.

లేదన్నాను.

"రేపు పో. మనం చేసిందే గద."

నువ్వు చేసింది అనలేదు. అంటే నాకు కొంత తేలికయ్యేది.

మర్నాడు వెళ్లేసరికి, ఆయన చెప్పని పేరు ఇంకెవరో చెప్పినట్టున్నారు, పోలీసులు ఆమె ఇల్లు సోదా చేసి పోయారు. తునికాకు కట్టలు వాకిలంతా చెదిరిపోయి ఉన్నాయి. ఆమె ఒక్కొక్క ఆకు ఏరి చాటలో పేరుస్తోంది. నేనూ పక్కన కూర్చుని ఏరాను. తప్పు నాదేనక్కా అన్నాను.

"వాడు ఆదివారమే పోయిండమ్మా. మందిరం నుంచి ఉరికచ్చి చెప్పిన, గిట్ల నోరు జారిన కొడుకా అని. ఎటు పోతవ్‌రా అంటే చెప్పలే. నీకు చెప్తే మల్ల సాక్ష్యం చెప్తవే అని నవ్విండు."

ఆమె కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"ప్రార్థన చెయ్యమ్మా. వాని పేరు పెట్టకు."

పేరు పెట్టకుండానే చేశాను. గొంతు పక్కింటి గోడ దాటకుండా చేశాను.

ఆమె మళ్లీ సాక్ష్యానికి లేవలేదు. నేనూ ఎవరినీ లెమ్మనలేదు. కానీ ఎదురుకాల్పుల వార్త వచ్చినప్పుడల్లా ఆమె కొంగు చాటున పేపరు పెట్టుకుని మా ఇంటికి వచ్చేది. ఆమెకు చదువు రాదు. పోయినవాళ్ల పేర్లు నేను చదవాలి. ఒక్కొక్క పేరు కింద వేలు పెట్టి చదివేదాన్ని. ఆ పేరే ఉంటే చదువుతానా, దాటేస్తానా? మా ఆయన ఎస్సై ముందు చూపిన నిబ్బరం నాకు ఉంటుందా?

మేము కోరుట్ల వదిలి వచ్చేదాకా ఆ పేరు రాలేదు.

"లేదక్కా" అనేదాన్ని.

"స్తోత్రం" అనేది, నాకు మాత్రమే వినబడేట్టు. పేపరు మడిచి, బీడీల పని ఉందంటూ వెళ్లిపోయేది.